లడ్డూ లాగ్: ఏడేళ్ల కుక్క ఉన్నట్టుండి ఎందుకు మారింది

వినాయక చవితి వెళ్ళిన వారం

మా ఇంట్లో కుక్క ఎందుకు మారిపోయిందో కనుక్కోవడమే ప్రాజెక్టు. దీన్ని ప్రాజెక్టు అనడం కొంచెం ఓవరే కానీ నాది సీసీటీవీ కెమెరాలు బిగించే పని, విజయవాడలో చిన్న షాపు, ఎవరు ఏ గొడవతో వచ్చినా ముందు ఫుటేజ్ చూద్దాం అనడం అలవాటైపోయింది, ఇప్పుడు గొడవ మా ఇంట్లోనే కాబట్టి రూటు కూడా అదే.

లడ్డూ మగ ల్యాబ్రడార్, ఏడేళ్లు దాటాయి, 38 కేజీలు. వీధి పిల్లలు చెవులు పట్టుకు లాగినా కిమ్మనని రకం. అలాంటిది మొన్న మా పాప పక్కన కూర్చుని నడుం మీద చెయ్యేస్తే గుర్రుమన్నాడు, అది నవ్వుతూ ఇంకాస్త దగ్గరికి జరిగేసరికి గాల్లో పళ్ళు టక్కుమనిపించాడు. పన్ను తగల్లేదు, తోలు చిట్లలేదు. కానీ ఏడేళ్లలో ఎప్పుడూ లేనిది. దానికి తోడు కుక్కర్ విజిల్ వేస్తే లేచి మెట్ల కిందకి వెళ్ళి దూరుతున్నాడు, నా బండి సౌండ్ వినగానే గేటు దగ్గరికి ఉరికేవాడు ఇప్పుడు పడుకున్న చోటే తోక ఆడించి ఊరుకుంటున్నాడు, హాల్లోకి రమ్మంటే గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నాడు.

సలహాలకి కొదవ లేదు. అమ్మ దిష్టి తగిలిందిరా అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసి పొయ్యిలో వేసింది. షాపులో కుర్రాడు "అన్నా రెండు తగిలించు, దారికొస్తాడు" అన్నాడు. దీనికి మాత్రం నేను ససేమిరా. గుర్రుమనడం అంటే కుక్క "వద్దు, జరుగు" అని ముందే చెప్పడం, ఆ చెప్పినందుకు కొడితే గుర్రుమనడం మానేస్తుంది కానీ బాధ మానదు, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. మా పాపకి కూడా అదే చెప్పా, వాడు గుర్రుమంటే కోప్పడకు, లేచి వచ్చెయ్ అని.

పక్కింటి బాబాయ్ గారు "పిచ్చి పట్టిందేమో చూడవయ్యా" అన్నారు, అందరూ నవ్వారు కానీ నేను నవ్వలేదు. మన దేశంలో కుక్క ఉన్నట్టుండి మారిందంటే రేబిస్ సంగతి ముందు తేల్చాలి. లడ్డూ వ్యాక్సిన్ కార్డు తీశా, ఏటా వేయిస్తున్నాం, స్టిక్కర్లతో సహా ఉన్నాయి. తింటున్నాడు, నీళ్ళు తాగుతున్నాడు, మింగడం ఇబ్బంది లేదు, దవడ వేలాడట్లేదు, చొంగ లేదు, అరుపు మారలేదు. అయినా డాక్టర్ మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పా. ఆవిడ చెప్పింది ఏంటంటే రేబిస్ లక్షణాలు మొదలైన కుక్క రోజురోజుకీ దిగజారుతుంది, దాదాపు పది రోజుల్లోపే చనిపోతుంది, అందుకే కరిచిన కుక్కని 10 రోజులు గమనించమంటారు, మీరూ గమనించండి, పాపని దూరంగా ఉంచండి అని. ఇంకోటి కూడా చెప్పింది, పెంపుడు కుక్కైనా సరే పన్ను దిగితే సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, మన కుక్కే కదా అనుకోకూడదు అని.

ఆ గడువు దాటింది, వాడు అలాగే ఉన్నాడు, తిండికి అంతే ఆత్రం. ఆ భయం తీరింది.

కెమెరాలు పెట్టిన వారం

షాపులో డెమోకి వాడే పాత డీవీఆర్ (కెమెరా వీడియో రికార్డు చేసే పెట్టె) ఒకటి, 2 మెగాపిక్సెల్ కెమెరాలు నాలుగు తెచ్చా. హాల్లో ఒకటి, వంటింటి గుమ్మం దగ్గర ఒకటి, పెరట్లో ఒకటి, నాలుగోది వాడు రాత్రి పడుకునే వరండాలో. కస్టమర్ల ఇళ్ళలో కెమెరా ఎప్పుడూ పైకప్పు దగ్గరే కదా, మనిషి మొహం కనిపించాలి, చోరీ చేసే చెయ్యి కనిపించాలి. కుక్కకి అది పనికిరాదు, పై నుంచి చూస్తే వీపు తప్ప ఏమీ కనపడదు. హాల్ కెమెరాని నేల నుంచి అడుగున్నర ఎత్తులో, టీవీ స్టాండ్ పక్కన పెట్టా, అంటే వాడి భుజం లెవెల్లో. కాళ్ళు ఎలా పడుతున్నాయో అక్కడి నుంచే తెలుస్తుంది. రాత్రి కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు ఉన్నాయి, లైటు వేయక్కర్లేదు. ఒక మైకు కూడా కలిపా, ఏ సౌండ్‌కి ఏం చేస్తున్నాడో తెలియాలంటే సౌండ్ కూడా రికార్డవ్వాలి.

నోట్‌బుక్‌లో గీతలు కొట్టి రాయడం మొదలెట్టాం. టైమ్, ఎక్కడ, కింద ఏముంది (టైల్సా, సిమెంటా, మట్టా), అంతకు ముందు ఏం చేస్తున్నాడు, ఏం జరిగింది, వాడు ఏం చేశాడు. "కోపంగా ఉన్నాడు" లాంటి మాటలు రాయకూడదని రూల్ పెట్టా, కంటికి కనపడిందే రాయాలి, చెవులు వెనక్కి, పెదవి పైకి, తోక కిందకి, ఇలా. మా ఆవిడ రాసిన ఎంట్రీలు నావాటికంటే బాగున్నాయి, ఆవిడ టీచరు, నాకు ఓపిక తక్కువ.

ఈలోగా ఇంట్లో చేయగలిగిన చెకింగులు చేసేశా. టెంపరేచర్ 101.8 ఫారన్‌హీట్, కుక్కలకి 101 నుంచి 102.5 దాకా మామూలే. నిద్రలో ఊపిరి నిమిషానికి 22, ముప్ఫై లోపు ఉంటే చాలన్నారు. చెవుల్లో వాసన లేదు, చిగుళ్ళు గులాబీ రంగే. కళ్ళ కోసం కాస్త చీకట్లో కుర్చీలు అడ్డం పెట్టి నడిపించా, తగలకుండా వచ్చాడు, దూది ఉండ సౌండ్ లేకుండా వదిలితే కంటితో ఫాలో అయ్యాడు. చూపు, చెవి బాగానే ఉన్నట్టు.

సౌండ్ మీద అనుమానం

మొదటి థియరీ సౌండే. ఎందుకంటే కుక్కర్ విజిల్ విషయం కొత్తది, పుట్టినప్పటి నుంచి ఆ విజిల్ వింటూ పెరిగినవాడు ఇప్పుడు పారిపోవడం ఏంటి. పైగా పక్కింట్లో ఈమధ్యే ఎలుకల్ని తరిమే మెషిన్ ఒకటి ప్లగ్గులో పెట్టారు, అల్ట్రాసోనిక్‌ది. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాకానే వినపడుతుంది, కుక్కకి దాదాపు 45 దాకా. ఎలుక కోసం పెట్టింది మా వాడి బుర్ర తినేస్తుందేమో అనుకున్నా, నిజం చెప్పాలంటే దొరికేసిందనే అనుకున్నా.

బాబాయ్ గారిని బతిమాలి ఒక వారం తీయించా. మా ఇంట్లో కూడా ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఇన్వర్టర్, చార్జర్లు ఒక్కోటీ ఆపి చూశా. లాగ్‌లో ఏ తేడా లేదు. మెషిన్ ఉన్నప్పుడూ అంతే, లేనప్పుడూ అంతే. వాళ్ళ ఎలుకలు కూడా అంతే అట, అది వేరే విషయం.

దసరా సెలవులు

పాపకి సెలవులు, నాకు ఇంద్రకీలాద్రి వైపు రద్దీ వల్ల పని తక్కువ, కూర్చుని ఫుటేజ్ మొత్తం చూశాం. ఇక్కడ అసలు విషయం దొరికింది.

లడ్డూ పెరట్లో మట్టి మీద పడుకున్నప్పుడు కూడా కుక్కర్ విజిల్ వినిపిస్తుంది, వంటింటి కిటికీ అటే. అప్పుడు ఒక చెవి లేపి మళ్ళీ పడుకుంటాడు, అంతే. అదే విజిల్ హాల్లో టైల్స్ మీద పడుకున్నప్పుడు వస్తే ఉలిక్కిపడి లేస్తాడు, లేచేటప్పుడు వెనక కాళ్ళు రెండూ పక్కలకి జారతాయి, గోళ్ళు టకటకమని గీసుకుంటాయి, సౌండ్ పెంచి వింటే సన్నగా ఒక కుయ్‌మన్న శబ్దం, ఆ తర్వాత మెట్ల కిందకి. ఒకసారి కాదు, హాల్లో విజిల్ పడిన ప్రతిసారీ దాదాపు ఇదే వరస. అంటే విజిల్‌కి పారిపోవట్లేదు, విజిల్ తర్వాత వచ్చే దానికి పారిపోతున్నాడు.

ఇక అక్కడి నుంచి కళ్ళకి అన్నీ అవే కనపడ్డాయి. గుర్రుమన్న ఎంట్రీలు తీస్తే అన్నీ పడుకుని లేచిన కాసేపట్లోనివే, అన్నీ నడుం మీదో తొడ మీదో చెయ్యి పడినవే, తల నిమిరితే గొడవే లేదు. కూర్చున్నప్పుడు ఎడమ కాలు మడవకుండా పక్కకి చాపేస్తున్నాడు. లేచేటప్పుడు ముందు కాళ్ళతో ఒళ్ళు లాక్కుంటున్నాడు. రాత్రి రెండు మూడింటికి లేచి చోటు మార్చుకుంటున్నాడు, తిరుగుతాడు, పడుకుంటాడు, మళ్ళీ లేస్తాడు, చల్లగా ఉన్న రాత్రి కూడా నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడు. ఎండ లేదు, ఆట లేదు, ఎందుకు రొప్పాలి?

ఫోన్‌లో స్లోమోషన్ పెట్టి సందులో సిమెంటు రోడ్డు మీద నడిపించి పక్క నుంచి, వెనక నుంచి తీశా. వెనక నుంచి చూస్తే ఎడమ కాలు నేల మీద పడినప్పుడల్లా ఆ వైపు తుంటి కాస్త ఎక్కువ లేస్తుంది. పరిగెత్తించినప్పుడు వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలులా గెంతుతున్నాడు. మామూలు కంటికి ఇదేదీ కనపడదు, కుంటట్లేదు కాబట్టి నొప్పి లేదు అనుకుంటాం.

డాక్టర్ దగ్గర

వీడియోలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళా, టైమ్ వేసి చిన్న చిన్న ముక్కలు చేసి. మేడమ్ కుక్కని ముట్టుకునే ముందు అవే చూసింది. ఇలా తెస్తే నా పని సగం అయిపోతుంది, క్లినిక్‌కి రాగానే భయానికి అన్నీ దాచేసుకుంటాయి, ఇంట్లో కుంటే కుక్క కూడా ఇక్కడ కుంటదు అంది.

మూతికి చిక్కం వేసే పరీక్ష చేసింది. గుడ్డతో బిగించేది కాదు, బుట్టలా ఉండే రకం, అందులో నోరు తెరిచి రొప్పొచ్చు, నీళ్ళు తాగొచ్చు. కుక్క ఒళ్ళు చల్లబడేదే రొప్పడం వల్ల కాబట్టి బెజవాడ ఎండలో నోరు బిగించేసే రకం వేసి ఉంచితే ప్రాణం మీదకి వస్తుంది, కొనేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి. వెన్ను మీద వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చి నడుము చివర ఆపితే లడ్డూ వెనక్కి తిరిగి చూశాడు. ఎడమ కాలు వెనక్కి చాపబోతే గుర్రుమన్నాడు. చాలు అని వదిలేసింది.

రక్తం తీశారు. పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా అనే ఇన్ఫెక్షన్ మన దగ్గర బాగా ఎక్కువ, కుక్క డల్ అయిపోయి చిరాకు పడటానికి అదీ కారణం అవ్వొచ్చు, టెస్టు నెగటివ్, ప్లేట్‌లెట్లు 2.6 లక్షలు. థైరాయిడ్ నార్మల్, కిడ్నీ, లివర్ నార్మల్. మత్తిచ్చి ఎక్స్‌రే తీస్తే రెండు తుంట్లలోనూ కీళ్ళు అరిగి ఉన్నాయి, ఎడమది ఎక్కువ, నడుము చివర వెన్నుపూసల దగ్గర చిన్న చిన్న ఎముక ముళ్ళు.

నేను ఫిల్మ్ చూసి అమ్మయ్య దొరికింది అన్నా. ఆవిడ ఒప్పుకోలేదు. ఈ వయసు పెద్ద కుక్కల్లో ఆ ముళ్ళు చాలావాటికి ఉంటాయి, ఏ బాధా లేకుండా తిరుగుతుంటాయి, ఫిల్మ్‌లో ఉన్నదంతా నొప్పి పెట్టాలని లేదు, ఫిల్మ్ శుభ్రంగా ఉందని నొప్పి లేదనీ కాదు. కాబట్టి నొప్పి మందు రెండు వారాలు ఇచ్చి మీ లాగ్ మారుతుందో లేదో చూద్దాం, మారితే అదే రుజువు అంది. ఈ లాజిక్ నాకు బాగా నచ్చింది, మేమూ అంతే కదా, అనుమానం ఉన్న కేబుల్ మార్చి చూస్తాం.

సౌండ్ సంగతి అడిగా. ఇంగ్లండ్‌లో లింకన్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో దీని మీద స్టడీ వేశారని చెప్పింది. సౌండ్లకి భయపడే కుక్కలు 20 తీసుకున్నారు, అందులో పదింటికి కండరాలదో కీళ్ళదో నొప్పి ఉంది, పదింటికి లేదు. నొప్పి ఉన్నవాటిలో ఈ భయం సగటున దాదాపు నాలుగేళ్లు లేటు వయసులో మొదలైందట. ఉలిక్కిపడితే కండరాలు బిగుసుకుంటాయి, బిగుసుకుంటే నొప్పి, కుక్క ఆ నొప్పిని సౌండ్‌కీ, ఆ చోటుకీ ముడి పెట్టేసుకుంటుంది. మా కుక్కర్ కథ అచ్చంగా ఇదే. పెద్దవయసులో కొత్తగా సౌండ్ భయం వస్తే ముందు ఒళ్ళు చూపించాలన్న మాట.

ఇంటికొస్తుంటే మెడికల్ షాపు అతను "మనుషుల పెయిన్ కిల్లర్ సగం వెయ్యండి సార్, చవక" అన్నాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఏదైనా సరే, కుక్కకి లివర్, కడుపు, కిడ్నీలు ఏదో ఒకటి పోతుంది. డైక్లోఫెనాక్ అయితే పశువులకి వాడితే ఆ కళేబరాలు తిన్న రాబందులు కుప్పలుగా చచ్చిపోయాయి, పశువైద్యంలో వాడకుండా 2006లో మన దేశంలో ఆపేశారు. కుక్కలకి వేరే మందులున్నాయి, అవి కూడా బరువు చూసి, కిడ్నీ టెస్టు చూసి డాక్టర్ ఇవ్వాల్సినవే.

మందు మొదలెట్టాక, నేల పని

కెమెరాలు అలాగే ఉంచాం, నోట్‌బుక్ కూడా. మేడమ్ ఒకటి గట్టిగా చెప్పింది, మందు రిజల్ట్ తెలిసేదాకా ఇంట్లో ఇంకేం మార్చొద్దు, రెండూ కలిపితే దేనివల్ల బాగయ్యాడో తెలియదు అని. మా ఆవిడకి ఇది అస్సలు నచ్చలేదు, కుక్క జారుతుంటే చూస్తూ ఊరుకోమంటారా ఏవండీ అని. చివరికి వాడిని పగలు పెరట్లోనే ఉంచి హాల్లోకి రానివ్వకుండా రాజీ పడ్డాం.

మొదటి వారం చివరికే రాత్రి ఫుటేజ్ బోర్ కొట్టడం మొదలైంది. పడుకుంటే తెల్లారే లేవడం. రొప్పడం లేదు. రెండో వారంలో నా బండి సౌండ్‌కి గేటు దాకా వచ్చాడు, పరిగెత్తలేదు, నడిచి వచ్చాడు. గుర్రు ఎంట్రీల కాలమ్ ఖాళీ. మేడమ్ చూసి సరే ఇక నేల సంగతి చూడండి అంది.

నేల కోసం చేసిన ప్రయోగాలు అన్నీ రాస్తే పుస్తకం అవుతుంది. కొబ్బరి పీచు పట్టా పరిస్తే అంచులు లేచిపోయాయి, పీచు నోట్లోకి పోతుంది. యోగా మ్యాట్ గోళ్ళకి రెండ్రోజుల్లో చిరిగింది. చిన్నపిల్లలకి వేసే రంగురంగుల ఫోమ్ ముక్కలు వేస్తే "బి" అక్షరం సగం తినేశాడు, ల్యాబ్రడార్ కదా. చివరికి నా ఫీల్డులోదే పనికొచ్చింది, కరెంటు ప్యానెల్ బోర్డుల ముందు వేసే గీతల రబ్బరు మ్యాట్, మీటరు వెడల్పు రోల్‌లో వస్తుంది, బరువుగా ఉంటుంది కాబట్టి అంచులు లేవవు, టేపు కూడా అక్కర్లేదు. కొత్తలో కంపు కొడుతుంది, సబ్బు నీళ్ళతో కడిగి డాబా మీద ఎండబెట్టాకే ఇంట్లో వేశాం. హాలంతా వేయలేదు, ఫుటేజ్‌లో వాడు నడిచే దారి చూసుకుని దాని మీదే వేశా, వరండా నుంచి నీళ్ళ గిన్నె దాకా, గిన్నె నుంచి సోఫా దాకా, వంటింటి గుమ్మం దగ్గర ఒక మలుపు. ఇంటికొచ్చిన వాళ్ళు ఏంటి సబ్‌స్టేషన్ పెట్టారా అంటున్నారు.

గోళ్ళు కత్తిరించాం, అరికాలి దిండ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు కూడా. గోళ్ళు పొడుగ్గా ఉంటే దిండ్లు నేలకి సరిగా ఆనవు, టైల్స్ మీద ఇంకా జారుతుంది.

వరండా నుంచి వాకిట్లోకి రెండు మెట్లు, మొత్తం 14 అంగుళాల ఎత్తు. దానికి ఐదున్నర అడుగుల ర్యాంపు చేయించా, వాలు 12 డిగ్రీల దగ్గర వచ్చింది, రెండడుగుల వెడల్పు, 19 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, పైన మిగిలిన రబ్బరు ముక్క, పక్కలకి బీడింగు. వడ్రంగి తాత ముందు నాలుగడుగులు చాలన్నాడు, అలా అయితే వాలు 17 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది, తుంట్లు నొప్పున్న కుక్క దిగేటప్పుడు ముందుకి తోసేసినట్టు ఉంటుంది. లడ్డూ మొదట్లో దాని వాసన చూసి పక్కనున్న మెట్లే దిగాడు. ఉడకబెట్టిన చికెన్ ముక్కలు వరసగా పెట్టాక ర్యాంపు గొప్పదనం అర్థమైంది.

దీపావళి

టపాకాయలు రాత్రి 8 నుంచి 10 వరకే అని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. మా వీధికి ఆ కబురు ఇంకా రాలేదు. మేడమ్ ఆ ఒక్క సాయంత్రానికి వేరే మందు ఇచ్చింది, మత్తుగా పడేసే మందు వేరు, భయం తగ్గించే మందు వేరు, మొదటి రకం ఒక్కటే ఇస్తే కుక్క కదలలేదు కానీ లోపల భయం అలాగే ఉంటుంది, అది ఇంకా ఘోరం అని వివరంగా చెప్పింది. లోపలి బెడ్‌రూమ్‌లో రబ్బరు మ్యాట్ మీద వాడి పరుపు, కిటికీలకి దుప్పట్లు, పాత కూలర్ ఫుల్ స్పీడులో, మా ఆవిడ పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకుంది. వణికాడు, అటూ ఇటూ తిరిగాడు, కానీ జారలేదు. ఆ మర్నాడు కుక్కర్ విజిల్‌కి లేవలేదు, ఇది నాకు ముఖ్యం.

కార్తీక మాసం, బరువు పని

38 కేజీలు ఎక్కువ, వాడి సైజుకి 32, 33 చాలు. ల్యాబ్రడార్లకి ఆకలి తీరకపోవడం వెనక ఒక జీన్ కథ కూడా ఉంది, కేంబ్రిడ్జి వాళ్ళు 2016లో బయటపెట్టారు, పీఓఎంసీ అనే జీన్‌లో కొంత ముక్క ఎగిరిపోయి ఉంటుంది, దాదాపు నాలుగింట ఒక ల్యాబ్‌లో ఇది ఉంటుందట, దాంతో ఎంత తిన్నా ఇంకా కావాలనే ఉంటుంది. లడ్డూకి టెస్టు చేయించలేదు, వాడి మొహం చూస్తే చాలు.

తిండి తగ్గిస్తే ఏం లాభం అన్నదానికి 48 ల్యాబ్రడార్ల మీద చేసిన పాత స్టడీ ఉంది, 2002లో వచ్చింది. ఒకే ఈతలో పుట్టినవాటిని జంటలు చేసి ఒకదానికి జతదాని కంటే 25 శాతం తక్కువ పెడుతూ జీవితాంతం చూశారు. తక్కువ తిన్న గుంపు మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, రెండో గుంపుది 11.2. కీళ్ళ నొప్పికి వైద్యం అవసరం పడటం కూడా తక్కువ తిన్నవాటికి బాగా లేటైంది.

కొలత గ్లాసు పక్కన పడేసి కిచెన్ తూకంలో గ్రాముల్లో తూచి పెట్టడం మొదలెట్టాం. రెండు వారాలైనా ముల్లు కదల్లేదు. వంటింటి కెమెరా తిప్పి చూస్తే అమ్మ. పొద్దున నేతి దోసె ముక్క, మధ్యాహ్నం పెరుగన్నం, ఒక రోజు ఉల్లిపాయ గారె. ఉల్లిపాయ కుక్కల రక్తానికే విషం, ఎర్రకణాలు పగిలిపోతాయి, అది చెప్తే అమ్మ కాస్త భయపడింది కానీ మిగతావాటికి మాత్రం "సోమవారం ఉపవాసం నాకురా నాన్నా, నోరులేని వాడికెందుకు" అంది. ఫుటేజ్ చూపించా. "నామీద కూడా కెమెరానా" అని రెండ్రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు రాజీ ఏంటంటే వాడి రోజువారీ లెక్కలో నుంచే కొంచెం డబ్బాలో పోసి అమ్మకి ఇస్తున్నాం, ఆవిడ చేత్తో ఆవిడే పెట్టుకుంటుంది, పైన కీరదోస ముక్కలు ఎన్నైనా.

పాపా లడ్డూ

ఇది అన్నిటికంటే నెమ్మదిగా చేసిన పని. నొప్పి తగ్గినంత మాత్రాన వాడికి గుర్తులు పోవు, పాప చెయ్యి దగ్గరికొస్తే చాలు ఒళ్ళు బిగించుకునేవాడు. మొదట పాప దూరంగా కూర్చుని చికెన్ ముక్క విసిరేది, అంతే, ముట్టుకోవడం లేదు. మేం చిక్కం కూడా వాడికి ఇష్టం అయ్యేలా అలవాటు చేశాం, లోపల పెరుగు రాసి వాడే మూతి పెట్టేలా, పట్టీ బిగించింది చాలా రోజుల తర్వాతే. తర్వాత వాడు తనంతట తాను పాప దగ్గరికి వస్తే ఛాతీ మీద మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసెయ్యాలి. మళ్ళీ తలతో తోస్తే ఇంకో మూడు సెకన్లు, పక్కకి తిరిగితే అయిపోయింది. నడుం జోలికి వెళ్ళకూడదు, నిద్రలో ఉంటే ముందు పేరు పెట్టి పిలవాలి. పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పక్కన లేకుండా ఇద్దరూ ఒకే గదిలో ఉండకూడదు, మధ్యలో చెక్క గేటు ఇంకా అలాగే ఉంది, తీసే ఆలోచన లేదు.

పాప ఈ రూల్స్ అన్నీ చార్టు మీద రాసి గోడకి అంటించింది, బొమ్మలతో. ఇంటికొచ్చిన చుట్టాలకి అదే క్లాసు పీకుతుంది, మా మావయ్య గారు కూడా వాడిని ముట్టుకునే ముందు పర్మిషన్ అడుగుతున్నారు.

సంక్రాంతి దాటాక

ధనుర్మాసమంతా గుడి మైకు తెల్లవారుజామున నాలుగున్నరకే, లడ్డూ తల ఎత్తి మళ్ళీ పడుకున్నాడు. పండక్కి గంగిరెద్దు వాళ్ళు గేటు ముందు సన్నాయి ఊదితే మ్యాట్ మీద నుంచి ర్యాంపు దిగి వెళ్ళి ఎద్దుతో పోటీగా అరిచాడు, తోక మాత్రం ఫుల్‌గా ఊగుతుంది. బరువు 33.5.

మధ్యలో డోస్ తగ్గించి చూశాం, మేడమ్ ప్లానే. నాలుగైదు రోజులకే రాత్రి కెమెరాలో చోట్లు మారడం మళ్ళీ మొదలైంది, కుంటడం ఏమీ లేదు, మామూలుగా చూస్తే తేడా తెలియదు. ఫుటేజ్ పంపిస్తే డోస్ మళ్ళీ పాతదే చేసింది, చలి తగ్గాక ఇంకోసారి చూద్దాం అంది. అరిగిన కీలు మళ్ళీ రాదు కాబట్టి ఇది కోర్సు అయిపోయే జబ్బు కాదు, దాన్ని మేనేజ్ చేసుకోవడమే.

పెండింగ్‌లో ఉన్నవి: కిడ్నీ, లివర్ టెస్టులు మళ్ళీ చేయించాలి, నొప్పి మందు మీద ఉన్నంత కాలం తప్పదు. ర్యాంపు కింద అంచు దగ్గర బీడింగు మేకు ఒకటి లేచింది, వడ్రంగి తాత ఊరి నుంచి వచ్చాక మార్పించాలి, అప్పటిదాకా ఇన్సులేషన్ టేపు చుట్టా. హాల్ కెమెరా, పెరటి కెమెరా పీకేసి షాపుకి పట్టుకెళ్తున్నా, డెమో అడుగుతున్నారు. వరండాది ఉంటుంది. వంటింటిది తీసెయ్యమని అమ్మ అడుగుతుంది, దాని గురించి ఇంకా చర్చలు జరుగుతున్నాయి.